ఆవిరైపోయే సరుకు

ఆ వేసవి మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: ఊరి చివర ఒక డిపో, అందులో రెండు నిలువుల ట్యాంకు ఒకటి, రెండు వ్యాన్లు, నమ్మకమైన డ్రైవరు ఒకడు, మాట తప్పని కొద్దిమంది ఖాతాదారులు, ఒక భార్య, ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పెళ్ళి ఊసెత్తనివ్వకుండా మాతోనే ఉండి ల్యాబుకి వెళ్ళొచ్చేది. చిన్నది ఆ వారమే అత్తవారింటి నుంచి వచ్చింది. ఎన్నాళ్ళుంటావని ఎవరూ అడగలేదు. పెట్టె పెద్దదే తెచ్చుకుంది.

నా సరుకు ద్రవ నైట్రోజన్. చూడటానికి నీళ్ళలా ఉంటుంది గానీ అందులో వేలు పెట్టి ఉంచితే ఆ వేలు మీద ఆశ వదులుకోవాలి. అంత చల్లన. ప్రాణమున్న కణాన్ని పద్ధతిగా గడ్డకట్టించి దాంట్లో ఉంచితే చావదు, ఎదగదు, ఏళ్ళ తరబడి అలాగే ఆగి ఉంటుంది. పశువుల ఆసుపత్రివాళ్ళు కొనేవారు, ఇనుప పనివాళ్ళు కొనేవారు. పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేసే ఆసుపత్రి ఒకటి, పిండాల్ని దాచడానికి కొనేది. మా పెద్దది పనిచేసే ల్యాబు కొనేది.

బియ్యం వ్యాపారికి ఎలుక భయం, బట్టల వ్యాపారికి చెమ్మ భయం. నా సరుక్కి దొంగ కూడా అక్కర్లేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూచున్నా, రోజుకి కొంత ఆవిరైపోతూనే ఉంటుంది. ఈ వ్యాపారంలో దాచినవాడు చెడతాడు, తిప్పినవాడు బాగుపడతాడు. మా డ్రైవరుకి మాత్రం ఆ సంగతి ఎక్కలేదు. పక్కన నడిచే మనిషి తనకన్నా ముందు చేరినా పట్టించుకోడు. అందరూ అతన్ని నిదానం అనే పిలుస్తారు.

చిన్నదానికి మూడుసార్లు నెల తప్పి, మూడుసార్లూ మొదటి వారాల్లోనే పోయింది. పరీక్షలన్నీ చేయించారు. అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే మనిషి ఎవర్ని తిట్టుకోవాలి? అత్తవారు ఒక్కమాటా అనలేదు. ఆ అనకపోవడమే దానికి బరువైంది. అల్లుడు రోజూ ఫోను చేసేవాడు. "తిన్నావా" అని అడిగేవాడు, ఇది "తిన్నాను" అనేది, అంతే.

పెద్దది పనిచేసేది కూడా ఆ మొదటి వారాల మీదే. ఇలాంటి కష్టం పడిన ఆడవాళ్ళ దగ్గర కాస్త రక్తం తీసుకుంటారు. ఆ రక్తంలోని కణాల్ని వెనక్కి నడిపించి, ఒంట్లో ఏ భాగమైనా కాగల మూలకణాలుగా మారుస్తారు. వాటిని గిన్నెలో పెంచితే, తగిన పోషణ ఇస్తే, అవంతట అవే ఒకచోట చేరి బుడగలా కడతాయి. అచ్చంగా కడుపులో పడిన వారానికి పిండం ఎలా ఉంటుందో అలా. చిన్నది కూడా అంతకుముందు ఏడాది రక్తం ఇచ్చింది. అక్క అడిగిందని ఇచ్చింది. ఇచ్చాక దానికి అక్క మీద కోపం మొదలైంది.

"అక్కా, నీ గిన్నెలో నా పిల్లలు ఎలా ఉన్నారే?" అంది ఒకరోజు భోజనాల దగ్గర.

మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"పిల్లలు కాదే అవి," అంది పెద్దది. "నమూనాలు. ఇల్లు కట్టేముందు అట్టముక్కలతో చేసి చూపిస్తారు చూడు, అలాంటివి. అందులో ఎవరూ కాపురం ఉండరు."

"ఎలా ఉంటారులే. నా ఒంట్లోనే ఉండలేదు."

మాట మార్చడానికి నేను అందుకున్నాను. "అవి కూలిపోతే ఏం చేస్తారమ్మా?"

"ఎక్కడ కూలాయో చూస్తాం నాన్నా. కడుపులో అయితే చూడలేంగా. ఆ రోజుల్లో లోపల ఏం జరుగుతోందో తల్లికే తెలీదు."

"మరి నిలబడితే?"

"ఇలాంటి పనుల మంచిచెడ్డలు చూసే కమిటీ, ఇంతవరకే పెంచాలని గీత గీసింది. అక్కడికి రాగానే ఆపేస్తాం."

చిన్నది నవ్వింది. "బాగుంది. కూలినా పోతాయి, నిలిచినా పోతాయి. ఇంతకీ అందులో నాది ఏది?"

"నాకు తెలీదు. సీసాల మీద అంకెలే ఉంటాయి. ఏ అంకె ఎవరిదో కమిటీ ఆఫీసులో ఒకావిడకే తెలుసు. నాకు తెలిస్తే చెయ్యి ఒకవైపు మొగ్గుతుంది."

"సొంత చెల్లెలిది ఏదో తెలుసుకోకపోతే అదేం చదువే?" అంది మా ఆవిడ.

"అదే చదువమ్మా," అంది పెద్దది, పళ్ళెం తీసుకుని లేస్తూ.

ఎండలు ముదిరిన వారంలో మాకు సరుకొచ్చే ఫ్యాక్టరీలో సమ్మె మొదలైంది. నేను వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. ఇన్నేళ్ళూ నా వ్యాన్లు నింపిన మనిషే అక్కడ డేరా కింద అందరికన్నా ముందు కూచుని ఉన్నాడు.

"షావుకారూ, నీ మీద మాకేం కోపం లేదు. వాల్వు మూసి ఉంది, అంతే."

"మరి ఎప్పుడు తెరుస్తారయ్యా?"

"యాజమాన్యం నోరు తెరిచినప్పుడు."

ఇంకో ఫ్యాక్టరీ ఉందిగానీ అది చాలా దూరం. దార్లోనే సగం గాల్లో కలుస్తుంది. పైగా వాళ్ళ సొంత ఖాతాదారులకే చాలడం లేదు. డిపోకి తిరిగొచ్చి ట్యాంకు ముల్లు చూశాను. చూసిన కొద్దీ అది కిందికి వాలుతున్నట్టే ఉంది.

ముందు ఇనుప పనివాళ్ళకి ఆపేశాను. పశువుల ఆసుపత్రివాళ్ళు తమ పాత్రలు మూటకట్టుకుని చుట్టాల ఊరికి పంపినట్టు పక్క జిల్లాకి పంపేశారు. మిగిలినవి రెండు: పిల్లల్లేనివాళ్ళ ఆసుపత్రి, మా పెద్దదాని ల్యాబు. కొరత వచ్చినప్పుడు తలా కొంచెం పోసి అందర్నీ నిలబెట్టుకోవడం మా వాళ్ళ పద్ధతి. మొదట అలాగే చేశాను. కానీ గొట్టం తగిలించిన ప్రతిసారీ, ఆ గొట్టాన్ని చల్లబరచడానికే బోలెడు ఖర్చయిపోతుంది. ఇద్దరికీ చెరికాస్త పోస్తూ పోతే ఇద్దరివీ ఎండుతాయి. ఎవరో ఒకరికే పోయాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. డిపో వెనక గదిలో, కిటికీ తెరిచిపెట్టి, చక్రాల మీదుండే నిండు పాత్ర ఒకటి పట్టా కప్పి ఉంచాను. నిదానానికి కూడా చెప్పలేదు. అయిపోయింది అన్న తర్వాత కూడా కొంత ఉండటం వ్యాపారికి అవసరం. అది ఎవరికోసమని నన్ను నేను అడగలేదు. అడక్కర్లేకపోయింది.

ఇంట్లో మా ఆవిడ సూటిగానే అంది. "ఉన్నదంతా ల్యాబుకే పొయ్యి."

"ఆసుపత్రి మన పాత ఖాతా."

"ఖాతా పోతే ఇంకోటి వస్తుంది. చిన్నదానిలో దోషం ఎక్కడుందో తేలే దారి ఇంకోటుందా? దాని రక్తం అక్కడుంది."

చిన్నది గుమ్మంలో నిలబడి ఉందని ఇద్దరం చూడలేదు.

"దోషం నాదేనని తేలాలని కోరుకుంటున్నావామ్మా?"

"అయ్యో, తేలితే మందుంటుందని కదే."

"మందు లేకపోతే? అప్పుడు పేరు మిగుల్తుంది."

మర్నాడు నేను బయల్దేరుతుంటే వచ్చి వ్యానులో కూచుంది. "అమ్మ చూపు నావల్ల కాదు నాన్నా. డిపోలో ఏదైనా పని చెప్పు." ఫోను అప్పగించాను. నాకన్నా బాగా మాట్లాడింది. ఇనుప పనివాళ్ళ మేస్త్రీ ఫోను చేసి అరిస్తే, "సమ్మె నేను చేయించానా బాబాయ్? మీ ఇనుము రేపటికి చెడిపోదుగా. నా సరుకు ఇవాళ్టికే చెడిపోతోంది" అంది. అవతల ఆయన నవ్వినట్టు వినబడింది. ఇంటికి వచ్చాక దాని గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు.

రెండు రోజులకి ఆసుపత్రి డాక్టరమ్మే డిపోకి వచ్చింది. చేతిలో పొడవాటి కొలకర్ర. వాళ్ళ ట్యాంకులో ముంచి తీస్తే, ద్రవం ఎంతవరకు ఉందో అంతవరకు కర్రకి తెల్లగా మంచు పడుతుంది. మంచు పడిన చోట గుర్తుకి దారం కట్టి తెచ్చింది. కర్ర కొస నుంచి దారం వరకు నాలుగు వేళ్ళ ఎత్తు లేదు.

"షావుకారు గారూ, ఫోను చేస్తే మీ అమ్మాయి 'రేపు' అంటోంది. మీ ఇంట్లో రేపంటే ఎన్ని రోజులండీ?"

"కూచోండి డాక్టరమ్మా."

"కూచుంటే ఆవిరైపోతుంది. పై అరలు ఇప్పటికే బయటపడ్డాయి. అన్నీ కిందికి సర్దాం. ఇక సర్దడానికి కింద చోటు లేదు."

అంతలో ల్యాబు బండిలో మా పెద్దది దిగింది. వాళ్ళ వంతు కోసం వచ్చింది. ఖాళీ పాత్ర తనే దింపుకుంటూ, డాక్టరమ్మని చూసి ఆగింది. ఇద్దరికీ ముఖపరిచయం ఉంది. ముందు డాక్టరమ్మే మాట్లాడింది.

"అమ్మా, మీకింకో దారుంది. మాకు లేదు. ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు."

 నేను పెద్దదాని వంక చూశాను. "నిజమా?"

"నిజమే నాన్నా. మా మూలకణాల్ని కరెంటుతో నడిచే ఫ్రీజర్లోకి మార్చొచ్చు. ఇంత చల్లన ఉండదు గానీ కొన్నాళ్ళు ఓర్చుకుంటాయి. కొన్ని చస్తాయి, కొన్ని బతుకుతాయి. వాళ్ళ దగ్గరున్న పిండాల్ని గాజులా గడ్డకట్టిస్తారు. ఆ ఫ్రీజరు వాటికి పొయ్యితో సమానం. ఒక్కటీ మిగలదు."

"ఎన్ని చస్తాయి మీవి?" అంది చిన్నది. ఫోను మోగుతోంది, తియ్యలేదు.

"మళ్ళీ తీసి కరిగించి చూస్తేగానీ తెలీదు."

"నాది?"

"అంకె తెలీదే నాకు."

"తెలిస్తే ఏం చేసేదానివి?"

"దాన్నొక్కదాన్నీ దాచుకునేదాన్ని," అంది పెద్దది. "అందుకే తెలియనివ్వరు."

డాక్టరమ్మ కర్రని గోడకి ఆనించింది. ఫోను మోగి మోగి ఆగింది. పెద్దది చాలాసేపు ఆ దారం వంకే చూసింది. ఆ ల్యాబులో అది ఎన్నేళ్ళు కూచుందో నాకు తెలుసు. కంటికింద నలుపు చూసి మా ఆవిడ రోజూ తిట్టేది.

"నాన్నా, వెనక గదిలో ఉన్నది తియ్యి."

"వెనక గదిలో ఏముందమ్మా?"

"నాన్నా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరైనా చెప్పాలా? నువ్వు అయిపోయిందంటే ఒకటి ఉందని అర్థం. చిన్నప్పట్నుంచి చూడటం లేదూ?"

డాక్టరమ్మ నా ముఖం చూడకుండా మర్యాదగా ట్యాంకు వైపు తిరిగింది. వ్యాను పక్కనున్న నిదానం మాత్రం నా ముఖమే చూశాడు, నొచ్చుకున్నట్టు. నేను కదల్లేదు. ఆ పాత్ర పెద్దదానిది కాదు ఇమ్మనడానికి. నాదీ కాదు. దాని మీద పట్టా కప్పిననాడే నా మనసులో అది చిన్నదాని పేరున ఉంది. అందుకే చిన్నదాని వైపు చూశాను.

అది లేచింది. మేకుకి తగిలించిన తోలు చేతితొడుగులు తీసుకుంది. మొహానికి అడ్డుగా ప్లాస్టిక్ అద్దం పెట్టుకుంది.

"తలుపులు రెండూ తియ్యి నాన్నా. ఆవిరి నిండితే ఊపిరాడదంటావుగా," అని వెనక గదిలోకి వెళ్ళింది. చక్రాల చప్పుడు వినబడింది.

ఆసుపత్రి దాకా కూడా వచ్చింది. డిపో ట్యాంకులో అడుగున మిగిలినదీ, ఈ పాత్రలోదీ కలిపి అక్కడే పోశాం. గొట్టం నేను పట్టుకున్నాను, వాల్వు అది తిప్పింది. తెల్లటి పొగ ట్యాంకు అంచు మీంచి జారి, నేల మీద పాకి, మా పాదాలు కప్పేసింది. డాక్టరమ్మ కర్ర ముంచి తీసింది. మంచు జానెడు పైకి వచ్చింది.

"ఇంకోసారి ముంచండి," అంది చిన్నది. "సరిగ్గా చూడలేదు."

రెండోసారి కూడా జానెడే. అప్పుడు తొడుగులు విప్పింది.

ఆ సాయంత్రం పెద్దది ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. సీసాలన్నీ ఒక్కతే ఫ్రీజర్లోకి మార్చిందట. వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి. మా ఆవిడ వెన్న తెచ్చి రాసింది గానీ మాట్లాడలేదు. నాతో అసలే మాట్లాడలేదు. తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పొద్దున్నే నేను ఫ్యాక్టరీ గేటుకి, చిన్నది డిపోకి, పెద్దది ల్యాబుకి. మా ఆవిడ ఇంట్లో గిన్నెలతో యుద్ధం. ఆసుపత్రి నుంచి రోజూ ఫోను వచ్చేది. చిన్నది ఎత్తి, "ఎంతవరకు?" అనడిగేది. అటునుంచి జానెడు అన్నది బెత్తెడయింది, బెత్తెడు అన్నది మూడు వేళ్ళయింది. ఒకరోజు డాక్టరమ్మ "రెండు" అని పెట్టేసింది. చిన్నది ఫోను వైపు చూస్తూ, "ఆసుపత్రిలో అవీ పోయి, ల్యాబులో నావీ పోతే, మనం చేసిన పనికి అర్థమేంటి నాన్నా?" అంది.

 దానికి జవాబు ఎక్కడైనా అమ్మకానికి ఉంటే, ఆ రోజు ఏ ధరకైనా కొనేవాణ్ణి.

ఆ మర్నాడు యాజమాన్యం నోరు తెరిచింది. వాల్వు తెరుచుకుంది. గేటు ముందు అన్ని బళ్ళకన్నా ముందు నిలబడింది మా నిదానం వ్యాను. ఆ ముందురోజే బయల్దేరాడట, అందుకని. నేరుగా ఆసుపత్రికి పోనిచ్చాడు. పోసేసరికి కర్రకి ఒక వేలు మంచు ఉంది.

ఇక ల్యాబు వంతు. పెద్దది సీసాలు ఒకటొకటే కరిగించి, గిన్నెల్లో వేసి, లేస్తాయేమోనని చూడటం మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం ముగ్గురం దాని ముఖం చూసేవాళ్ళం. చివరికి ఒకరోజు చెప్పులు విప్పుతూనే చెప్పింది. "సగానికి పైగా లేవలేదు."

 చిన్నది నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఉన్నవాటితోనే పెద్దది మళ్ళీ పని మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి చెల్లెలితో, "రేపు ల్యాబుకి రా. ఒకటి చూపిస్తా" అంది. వాళ్ళ ట్యాంకు నింపే పని నాకెలాగూ ఉంది, నేనూ వెళ్ళాను.

చిన్న గది, వెచ్చగా ఉంది. గిన్నె అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ మూత అంత. పెద్దది దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి జరిగింది. చిన్నది వంగి చూసింది. తరవాత నన్నూ చూడనిచ్చారు. ఒకచోట గుండ్రటి బుడగ, గాజులా మెరుస్తూ. లోపల ఒకవైపు చిన్న ముద్ద అతుక్కుని ఉంది. దాని చుట్టూ ఎటు చూసినా నలిగిపోయినవి, గాలి తీసిన బంతుల్లా.

"ఇవి ఎవరివి? నాలాంటి వాళ్ళవా?" అంది చిన్నది.

"కాదు. పోల్చి చూడటానికి పెట్టుకున్నవి. ఎవరో తెలీదు గానీ, ఈ వరసంతా ఏ ఇబ్బందీ లేకుండా పిల్లల్ని కన్నవాళ్ళదని మాత్రం తెలుసు."

"ఈ గిన్నె అంతా ఒక్కావిడదేనా?"

"ఒక్కావిడదే. ఒకే సీసా, ఒకే గిన్నె, ఒకే రోజు వేసినవి."

"మరి ఇన్ని ఎందుకు కూలాయే?"

"తెలీదు. చెయ్యాల్సినవన్నీ సరిగ్గానే చేశాం. అయినా కూలుతున్నాయి. పక్కనున్నది నిలబడుతోంది."

చిన్నది మళ్ళీ వంగింది. ఈసారి చాలాసేపు లేవలేదు. కన్ను అక్కడే పెట్టి అడిగింది. "పాపం, ఇన్ని పోయాయని ఆవిడకి తెలుసా?"

"ఆవిడకెందుకు తెలుస్తుంది? ఒంట్లో పోయినవే చాలామందికి తెలీదు. ఈ నెల కాస్త ఆలస్యమైంది అనుకుంటారు, అంతే." పెద్దది చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది. "చూడవే, నీవి ఎందుకు పోయాయో ఇది చెప్పదు. అది నేనింకా కనుక్కోలేదు. కనుక్కుంటానని మాట కూడా ఇవ్వలేను. నువ్వు ఇది చూడాలనిపించింది, పిలిచాను."

చిన్నది ఏడ్చిందో లేదో నాకు తెలీదు. నేను గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి రాసి ఉంటే అది చదువుతున్నాను.

కమిటీ ఆఫీసు కింది అంతస్తులో. అంకెలు తెలిసిన ఆవిడ అక్కడే కూచుంటుంది. చిన్నది తనే తలుపు తట్టింది.

"మీది మిగిలిందో లేదో అడిగే హక్కు మీకుంది. చూడమంటారా?" అందావిడ, కళ్ళజోడు సవరించుకుంటూ.

చిన్నది తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. మళ్ళీ రక్తం ఇచ్చి పోతాను. పాతది ఉంటే రెండవుతాయి, పోయుంటే ఒకటుంటుంది."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేం చేస్తుంటారండీ?"

"వ్యాపారం."

"తెలుస్తోంది," అందావిడ.

ఆ రాత్రే చిన్నది గిన్నెలో చూసిందంతా వాళ్ళమ్మకి చెప్పింది. అల్లుడు వచ్చి చిన్నదాన్ని తీసుకెళ్ళింది ఎండలు తగ్గాక. బయల్దేరే ముందు మా ఆవిడ దాన్ని లోపలికి పిలిచి ఏదో చెప్పబోయింది, చెప్పలేక జడ సవరించి పంపింది. బండి దాకా నడుస్తూ అల్లుడు "తిన్నావా" అన్నాడు. "తిన్నాను గానీ ఆకలిగానే ఉంది, దార్లో ఎక్కడైనా ఆపు" అంది చిన్నది. అతను ఎంత సంతోషించాడంటే, పెట్టె మర్చిపోయి బయల్దేరబోయాడు.

ఇక లెక్క చెప్పేస్తాను. ఆ వేసవిలో నాకు పోయినవి: ఇనుప పనివాళ్ళ ఖాతా, దాచానని తెలిసినందుకు నిదానం దగ్గర నాకున్న పరువులో కొంత. పెద్దదానికి పోయింది ఏళ్ళ తరబడి పోగుచేసిన దాంట్లో సగం పైన. అది మళ్ళీ మొదటినుంచీ పోగుచేస్తోంది. చిన్నదానికి ఇంతవరకూ పిల్లలు లేరు. ఎందుకు లేరో వైద్యులు చెప్పలేదు, వాళ్ళక్కా చెప్పలేదు.

వచ్చింది ఏమిటంటే, మొన్న ఎవరో చుట్టాలావిడ ఇంటికొచ్చి, "మీ చిన్నమ్మాయిలో ఏమైనా దోషముందా" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడే అంది. "దోషమేంటి వదినా? నిలబడేవి నిలబడతాయి, కూలేవి కూలతాయి. దాని ఆరోగ్యం బాగుందా అని అడుగు, చెబుతా." అని లోపలికి వెళ్ళి తన పని చూసుకుంది.

ఆ ఒక్కమాటకి నా డిపో మొత్తం పెట్టినా, గిట్టినట్టే.